ఊదా గీతలు

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం, కాజీపేట స్టేషన్ బెంచీ మీద నా పక్కన కూర్చున్న పెద్దాయన ఆస్పత్రి కాగితం ఒకటి నా చేతికిచ్చాడు. ప్రోస్టేట్ క్యాన్సరట. హైదరాబాద్‌లో నెలన్నర కరెంటు పెట్టించుకుని ఇంటికి పోతున్నాడు. రేడియేషన్‌ను మా వైపు అలాగే అంటారు.

“కరెంటు పెట్టుడు అయిపోయింది బిడ్డా. రోగం మల్ల వస్తదా, రాదా? గదొక్కటి సదివి చెప్పు.”

ఫలితం ఇప్పుడే చెప్పలేమనీ, మూడు నెలలకు రక్తపరీక్షకు తప్పక రావాలనీ ఇంగ్లీషులో రాసి ఉంది. ఆయన ముఖం చూశాక అది చెప్పడానికి నోరు రాలేదు.

“పూర్తిగా నయమైంది తాతా” అన్నాను.

ఆయన లేచి నల్లా దగ్గరికి పోయి, తువ్వాల తడిపి, చొక్కా ఎత్తి, పొత్తికడుపు మీద డాక్టర్లు గీసిన ఊదా గీతల్ని రుద్ది రుద్ది తుడిచాడు. అవి చెరగకూడదన్నారని ఇన్నాళ్ళూ అక్కడ నీళ్ళు తగలనివ్వలేదట.

“ఇగ పట్నం మొకం సూసేది లేదు” అని నవ్వాడు.

పరీక్ష మాట చెప్పాలనుకున్నాను. చెబితే నా అబద్ధం బయటపడుతుంది. అంతలో ఆయన బండి వచ్చింది. చెయ్యి పట్టి ఎక్కించాను.

బండి పావుగంట ఆగింది. నేను కిటికీ పక్కనే నిలబడి, వానల గురించి మాట్లాడాను.