రెండో అంతస్తు ఎక్కడ?

ఖాజాగూడలో బండలు కొట్టిన వీరేశం, తొంభై ఎనిమిదిలో హైటెక్ సిటీలో, గోడలకింకా నంబర్లు రాయని కొత్త భవనంలో ఛాయ్ మోసే పనికి కుదిరాడు. రెండో అంతస్తు ఛాయ్ రోజూ ఒకటో అంతస్తుకే చేరేది. అతని లెక్కలో నేల మీదిదే మొదటిది మరి.

"నేలది లెక్కలోకి రాదయ్యా! అప్పజెప్పించాను, బొమ్మ గీశాను. రేపూ తప్పితే పని మానుకో," అన్నాడు సూపర్‌వైజరు భీమేశ్వరరావు.

"మనుషులు తిరిగే జాగ లెక్కల లేకుంట ఎట్ల పోతది సారూ?"

ఆ సాయంత్రం బరువైన ఫ్లాస్కులతో మెట్లెక్కుతుంటే మోకాళ్ళకు అర్థమైంది. లెక్కపెట్టాల్సింది అంతస్తుల్ని కాదు, ఎక్కడాన్ని.

మర్నాడు తప్పలేదు. అయినా అక్కడే కప్పులు కడిగే నా దగ్గర వీరేశం మండిపడ్డాడు: "గీ ఒక్క ముక్క ముందుగాల చెప్తే ఆయన సొమ్మేం పోయేదన్నా?"