వీధి సీనులో మా అరుగు

విజయనగరం అనగానే అందరూ కోట, గంటస్తంభం, సంగీతం అంటారు. అనండి, నేనూ చుట్టాలొస్తే అవే తిప్పి చూపిస్తాను. కాని మా ఊరి అందం సగం నాకు తెలిసింది ఒక గుడ్డ మీద. మా తాత పద్యనాటకాలకు సీనులు రాసేవాడు. సీను అంటే వేదిక వెనక దించే బొమ్మల తెర. అడవి సీను, దర్బారు సీను, కాటి సీను, వీధి సీను. చుట్టుపక్కల ఎక్కడ నాటకం ఆడినా, అటు పాతపట్నం దాకా, మా ఇంటి నుంచే బళ్ల మీద వెళ్లేవి. తాత తరవాత నాన్న, నాన్న తరవాత మా అత్త వాటిని అద్దెకిచ్చారు. అత్త అంటే నాన్నకు చెల్లెలు. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చేసి, చిరిగిన సీనులు కుట్టడం, నీడన ఆరబెట్టడం, చుట్టి దూలానికి కట్టడం అన్నీ తనే చూసుకునేది.

దర్బారు సీనుకు తాత ఎక్కడెక్కడి స్తంభాలో తెచ్చి నిలబెట్టాడు గాని, వీధి సీనుకు ఊహతో పని పెట్టుకోలేదు. మా వీధినే దించేశాడు. చెక్కపని చేసిన వసారాలు, గచ్చు నున్నగా మెరిసే అరుగులు, పిట్టగోడల మీద సున్నంతో పోసిన చిలకలు, గడపలకు పసుపు, వీధి చివర గంటస్తంభం. ఆ అరుగుల మీద కూర్చుని ఒకరు రాగం తీస్తే దారిన పోయేవాడు ఆగి తల ఊపేవాడట. బాగుంటే వన్స్‌మోర్, బాగోకపోతే మొహం మీదే చెప్పెయ్యడం. అలాంటి ఊరు.

ఇప్పుడు ఆ వీధిలో అరుగు ఒక్కటి మిగల్లేదు. రోడ్డు వెడల్పు చేస్తామని ఇళ్ల ముందు భాగాలన్నీ కొట్టేశారు. మా ఇంటిదీ పోయింది. సున్నం చిలకలు ముక్కలై లారీలో వెళుతుంటే నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఏం చేస్తాం! ఇప్పుడక్కడ వరసగా సెల్‌ఫోన్ల కొట్లున్నాయి.

సీనులు రాసేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. సీను మీద మనిషిని రాయకూడదు. మనుషులు సీను ముందుకొచ్చి పద్యం అందుకుంటారు. వెనకాల ఇంకో మనిషి కదలకుండా కూర్చుంటే జనం కళ్లు అటే పోతాయి. తాతకు ఇది తెలియక కాదు. అయినా ఆ వీధి సీనులో మా అరుగు మీద ఒక ఆడమనిషిని రాశాడు, బొటనవేలంత. ఆవిడ మా నాయనమ్మ. నాటకం వాళ్లు గోల పెడితే, పక్కతెర కాస్త లోపలికి జరిపి కప్పుకోండి, చెరిపేది మాత్రం లేదు అన్నాడట.

అత్త పాకడం నేర్వకముందే నాయనమ్మ పోయింది. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని భయపడిన మనిషి, ఫోటో లేకుండానే పోయింది. ఆ బొటనవేలంత బొమ్మే అత్తకు తల్లి. సీను ఊరికి వెళ్లే ముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి విప్పి చూసుకునేది. పెట్రోమాక్సు లైట్ల మసి పట్టి బొమ్మ ఏనాడో నల్లబడింది. చీర రంగు కూడా తెలిసేది కాదు.

"ఏటి కనిపిస్తాదత్తా నీకు, అంతా మసే కదా" అని నేను వేళాకోళమాడితే, "నీకెందుకే? నాకు కనిపిస్తాది" అని కసిరేది.

పోయిన ఏడాది, మా ఊరి కళలకీ పాత కట్టడాలకీ పండగ చేస్తామని ఒక కమిటీ వాళ్లు వచ్చారు. హరికథ, తప్పెటగుళ్లు, చివర్లో పద్యనాటకం. వేదిక మీద మా వీధి సీను కట్టాలని అడిగారు. నేను వద్దన్నాను. అత్త వింటేనా!

"ఈది ఈదంతా పోనాది. మన అరుగులు ఎలగుండీవో పిల్లలకి ఎవులు సూపిస్తారే? కట్టనీ."

రంగు వెలిసిన చోట దిద్దిస్తామన్నారు. దానికీ సరే అంది. పెయింటరు మా ఊరివాడే, యాభై దాటినవాడు, కుర్రతనంలో సీనుల పని నేర్చినవాడు. వచ్చి, దణ్ణం పెట్టి, సీను చుట్టుకుని పట్టుకెళ్లాడు. నాయనమ్మ సంగతి అతనికి చెప్పాలని మాలో ఎవరికీ తోచలేదు. ఇంట్లో అందరికీ తెలిసిన విషయం లోకానికీ తెలుసనుకున్నాం.

పండగ నాటి సాయంత్రం సీను దించారు. నిజం చెప్పొద్దూ, వద్దన్న సంగతే మరిచిపోయాను. మా వీధి! చిలకల ముక్కులు ఎర్రగా, వసారాలు నిగనిగలాడుతూ, మొత్తం వీధి లేచొచ్చి నిలబడింది. నా వెనకాల ఎవరో ముసలాయన "అదిగో మా ఇల్లు! సూడరా, మా ఇల్లు!" అని అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు. అత్త నా చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కింది. మా అరుగు ముందుకు వెళ్లి వంగి చూసింది. అరుగు తెల్లగా, నున్నగా, ఖాళీగా ఉంది.

"అమ్మ ఏదే?" అంది.

పక్కనే ఉన్న పెయింటరు మెప్పు కోసం చూస్తున్నాడు. "అరుగు మీద ఎవులో మనిషిని రాసీసినారమ్మా. పాతోలు అలాటి తప్పు సెయ్యరు. తర్వాతెవులో కెలికీసుంటారని సుబ్బరంగా కప్పీసినాను."

నీ చేతులు పడిపోను అని నేను తిట్టిన తిట్లు ముందు వరస దాకా వినిపించే ఉంటాయి. అది మా నాయనమ్మ అని చెప్పాక అతని మొహంలో నెత్తురు లేదు. అత్త నా చేతిలో మంచినీళ్ల సీసా లాక్కుని కొంగు తడిపింది. అవి జిగురు కలిపిన నీళ్ల రంగులు, తడి తగిలితే కరిగిపోతాయి. పైరంగు పోతే కింద అమ్మ ఉంది. తడికొంగు అరుగు దాకా వెళ్లి ఆగిపోయింది. జీవితమంతా ఆ గుడ్డలతో గడిపిన మనిషి కదా.

"తుడిస్తే రెండూ పోతాయి" అని కొంగు పిండేసుకుంది.

ఆ మాటతో నాకు ఏడుపు ఆగలేదు. అత్త ఏడవలేదు. పెయింటరు వైపు తిరిగింది.

"కప్పీముందు నువ్వు సూసినావు కదా, బాబూ?"

"సూసినానమ్మా. ముందు మెత్తటి గుడ్డతో మసంతా దులిపినాను. బొమ్మ తేటగా బయటపడ్డాది."

"ఎలగున్నాది మాయమ్మ? సెప్పు."

అతను భుజం మీది తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. "ఆకుపచ్చ సీరమ్మా. కాళ్లు సాపుకొని కూకున్నాది. మొకం సరిగ్గా తెలీలేదు, తలొంచుకున్నాది."

"ఇంకా?"

"ఒళ్లో ఎర్రగుడ్డ మూటున్నాది. రెండు సేతులా పట్టుకొని, దాన్నే సూస్తన్నాది."

మైకులో ఎవరో మమ్మల్ని వేదిక దిగమంటున్నారు. అత్త కదల్లేదు. ఆ తెల్లటి అరుగు మీద వేలు ఆనించింది.

"మూట కాదురా నాయనా," అంది. "అది నేను."