ఇంజను లేని విమానం, మా దాపటెద్దు

నేను చింతామణి నుంచి బాగేపల్లి దగ్గరి పల్లెకు కోడలినై వచ్చిన రెండో ఏడు, మా చెనిక్కాయ చేలో విమానం దిగింది. అరవైల తొలి సంవత్సరాలవి. మామ అప్పటికే లేడు. మా ఆయన చిక్కబళ్ళాపురంలో బస్సు కండక్టరు, వారానికొకసారి వచ్చేవాడు. సేద్యమంతా అత్తే చూసేది.

అది చప్పుడు లేకుండా వచ్చింది. కొయ్యతో చేసి గుడ్డ కప్పిన పొడుగాటి రెక్కలు, ఇంజను లేదు. బెంగళూరులో సరదాకు ఎగిరే గ్లైడరట. నడిపినాయన ముప్పయ్యేళ్ళ మనిషి. పైకి లేపే గాలి దొరక్క దిగాల్సి వచ్చిందని అత్తకు చేతులు జోడించాడు. “రేపు లారీ తెస్తానమ్మా, అంతదాకా కొంచెం చూసుకోండి” అన్నాడు. అత్త మజ్జిగిచ్చి ఆయన్ని బస్సెక్కించింది.

మధ్యాహ్నానికి జనం విరగబడ్డారు. పేరేసంద్ర నుంచి, దిబ్బూరహళ్ళి నుంచి కూడా వచ్చారు. చేను అప్పటికి ఊడలు దిగి కాయ గట్టిపడుతోంది. “గట్టు మీద నిలబడి చూడండప్పా, లోపల కాయలుండాయి!” అని అత్త గొంతు పోయేలా అరిచింది. ఎవరు విన్నారు? చెట్లన్నీ తొక్కేశారు. మర్నాడు లారీ వచ్చి నడిచేలోనే తిరిగింది.

ఆ పొద్దున్నే, కాడికి ఎడమవైపు కట్టే మా దాపటెద్దు తలుగు తెంపుకుని పోయి రెక్కను నాకింది. ఆ గుడ్డకు పూసిన రంగు వాసన దానికి నచ్చినట్టుంది. కొమ్ము తగిలి గుడ్డ చిరిగింది. నడిపినాయన నవ్వి, సంచిలోంచి చిన్న ముక్క తీసి అంటించి, విమానాన్ని లారీ ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. చిరుగు నా అరచేయంత కూడా లేదు.

చేను వచ్చి చూడమని, ఆ ఏటి భూమి పన్ను, కందాయం, మాఫీ చేయమని నేను కన్నడంలో అర్జీ రాశాను, అత్త వేలిముద్ర వేసింది. తాలూకాకు పెద్దైన అమల్దారు కచేరి నుంచి జవాబు వచ్చింది. నేను చదువుతుంటే అత్త వింటోంది. దిగినదానికి ఇంజను లేదు, ఖాళీ బరువు నియమంలో చెప్పిన హద్దుకు లోపలే ఉంది, కాలక్షేపానికి ఎగిరేది. కనుక మాఫీ విషయంలో దాన్ని విమానంగా ఎంచడానికి వీల్లేదు.

ఆ మర్నాడే కచేరి బంట్రోతు దఫేదారు వచ్చి మా ఎద్దును బాగేపల్లి బందెలదొడ్డికి తోలుకుపోయాడు. ఎందుకని అడిగితే, విమానానికి నష్టం చేసిందట.

అత్త నన్ను వెంటబెట్టుకుని కచేరికి నడిచింది. అమల్దారు తల ఎత్తకుండానే “ఏమమ్మా?” అన్నాడు.

“మా చేలో దిగింది విమానం కాదంటిరి గదా సామీ. మరి మా ఎద్దు యా విమానాన్ని పొడిచింది?”

“అది వేరే నియమం, ఇది వేరే నియమం.”

“వస్తువు ఒకటే గదా సామీ! బరువు తక్కువంటారు. ఎనిమిది మంది మోసినారు దాన్ని, నేను చూసినా. మా చెనిక్కాయ చెట్లు కూడా మోసినాయి. వాటినడగండి, బరువు ఉండాదో లేదో.”

గుమాస్తాలు నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అందులో నవ్వేదేముంది? “అర్థం రెండు చోట్ల రెండు రకాలుగా ఎట్లుంటుందండీ?” అని కన్నడంలో అడిగాను. ఆయన అప్పుడు తలెత్తాడు. ఆడపిల్ల కన్నడం చదివితే ఇట్లే ఉంటుందన్నట్టు చూసి, గుమాస్తా చేత ఒక కాగితం రాయించాడు. “దీనిమీద మీ అత్తను వేలు ఒత్తమను. ఎద్దును ఇప్పుడే వదిలేస్తాం.”

“ఏముంది చదువమ్మీ దాంట్లో” అంది అత్త.

చదివాను. ఎద్దును కావాలనే వదిలిన తప్పు ఒప్పుకుంటున్నానని, చేను గురించి ఇకపై అర్జీ పెట్టనని ఉంది. అత్త బొటనవేలిని పిడికిట్లో దాచుకుంది. “నేను ఒత్తను. పద” అంది.

బస్టాండులో కూర్చున్నాం. “ఎద్దు ఏం తింటాందో ఏమో యాడ” అంది అత్త.

నేను ఆ రోజే, నడిపినాయన ఇచ్చిపోయిన చిరునామాకు ఉత్తరం రాశాను. ఆయన మానవత్వమున్న మనిషి. వారం తిరక్కముందే వచ్చి, చిరుగు తానే అతికించానని, తనకు ఎవరిమీదా ఫిర్యాదు లేదని కచేరిలో రాసిచ్చాడు. ఎద్దును వదిలారు. చేను సంగతి మాత్రం ఎత్తనివ్వలేదు. ఆయన ఎంత చెప్పినా ఆ బరువు హద్దే చూపించారట.

ఎద్దు డొక్కలు లోపలికి పోయి వచ్చింది. రెండు బానల నీళ్ళు ఆగకుండా తాగింది. దానికి కాడి మోసే శక్తి లేదు. మిగిలిన చేనును అత్తా నేనూ గడ్డపారలతో తవ్వి చెట్లు పీకాం. లారీ తిరిగిన చోట నేల బండలా బిగుసుకుపోయింది. అక్కడ దెబ్బ వేసిన ప్రతిసారీ అది విమానం కాదని జవాబు రాసినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. నోరు మంచిగా పెట్టుకోమని ఎప్పుడూ కసిరే అత్త, ఆ రోజు నా పక్కకొచ్చి తనూ ఒక దెబ్బ వేసింది.