చూరు కింద నేల

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఇళ్ళకు కాగితాలు ఉండేవి కావు. పొలానికి పట్టా ఉండేది, సంతలో కొన్న ఎద్దుకు సైతం ఒక చీటీ ఉండేది, మనిషి కాపురముండే ఇంటికి మాత్రం ఏమీ లేదు. ఊరంతా గ్రామకంఠం. కరణం గారి పటంలో ఊరు మొత్తానికీ కలిపి ఒకటే గడి. అందులో ఎవరి గోడ ఎక్కడో గీసి ఉండదు. విడవలూరుకు తూర్పున, సముద్రపు గాలి తగిలే పల్లెలన్నిటిదీ ఇదే తీరు. మరి హద్దు తెలిసేదెట్లా అంటే, చూరును బట్టి. తాటాకు కప్పు మీది వాననీళ్ళు ఎంతవరకు పడతాయో అంతవరకు నేల ఆ ఇంటివాడిది. ఇది చట్టమా అని ఎవరూ అడిగినట్టు లేదు.

మాది మట్టిగోడల ఇల్లు. తూర్పు వైపు చూరు గోడకు రెండు మూరలు బయటికి వాలి ఉండేది. కార్తీకంలో మా వైపు వాన నిలువుగా పడదు; గాలితో కలిసి అడ్డంగా కొడుతుంది. ఆ వానకు రెండు రోజులు తడిసిన మట్టిగోడ బెల్లంగడ్డలా కరిగిపోతుంది. కాబట్టి చూరంటే మాకు సోకు కాదు. ఇల్లు నిలవడానికి ఉన్న ఆధారం.

మా తాతయ్య బండి తోలి బతికేవాడు. అక్షరం ముక్క రాదు. మా తూర్పు పక్కింటాయన కాలవ కాంట్రాక్టులు చేసి కలిసొచ్చిన మనిషి. కులం వేరు, మతం వేరు. మేము చర్చికి పోయేవాళ్ళం, వాళ్ళు గుడికి. అయినా ఆయన మా తాతయ్యను 'మామా' అని వరస కలిపి పిలిచేవాడు. ఒక ఏడు వేసవిలో వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళి కుదిరింది. మేము ఇల్లు కొత్తగా కప్పించే రోజులే అవి. ఆయన వచ్చి తాతయ్య పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"మామా, పందిరికి నీ చూరు అడ్డమొస్తా ఉండాది. ఈ తూరికి కాస్త కురచగా కప్పుకో. వానలకు ముందు నేనే ఆకు తెప్పించి మళ్ళీ వేయిస్తా."

ఆడపిల్ల పెళ్ళికి అడిగితే కాదనేవాడు మా ఊళ్ళో ఎవడూ లేడు. తాతయ్య ఇంట్లో ఒక్క మాట అడగకుండా ఒప్పుకున్నాడు. మూరన్నర చూరు కోసేశారు. "పెళ్ళి వాళ్ళది, బోడిగుండు మనదీనా!" అని మా నాయనమ్మ ఎగతాళి చేసింది. పందిరి కింద నేల ఎగుడు దిగుడుగా ఉందని కాలవ గట్టు నుంచి నల్లమట్టి తెచ్చి, మా గోడ దాకా పరిచి చదును చేశారు. పెళ్ళి బాగా జరిగింది. మేమూ కడుపునిండా తిన్నాం.

శ్రావణం వచ్చింది. తాటాకు రాలేదు, మేస్త్రీ వచ్చాడు. పక్కింటాయన పాత ఇల్లు తీసేసి ఇటుకల ఇల్లు కట్టిస్తున్నాడట. ఒక పొద్దున లేచి చూస్తే, కోసిన మా చూరుకు సరిగ్గా కింద పునాదికి ముగ్గు గీత పడి ఉంది. తాతయ్య పరుగున వెళ్ళి ఇదేందని అడిగాడు.

"ఏమయ్యా, చూరు యాడుంటే ఆడికే కదా నీ హద్దు? ఊరి కట్టుబాటు నేనేమన్నా మార్చినానా?" అన్నాడు ఆయన.

'మామా' పోయి 'ఏమయ్యా' అయింది. అంతవరకు తడబడుతున్న తాతయ్య ఆ పిలుపు విన్నాక నేరుగా వెళ్ళి ముగ్గు గీత మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. గడ్డపార ఎత్తిన కూలీ అట్లాగే నిలబడిపోయాడు. ఆ గోడ అక్కడ లేచిందంటే మాకు మళ్ళీ చూరు దింపుకునే చోటు ఉండదు. కార్తీకానికి ఇల్లు కూలుతుంది. ఊళ్ళో పసిపిల్లకు కూడా ఆ సంగతి తెలుసు. అయినా చుట్టూ చేరినవాళ్ళంతా తాతయ్యకే బుద్ధి చెప్పారు. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. కలిగినవాడు గీత గీస్తే అది పని. లేనివాడు దాని మీద కూర్చుంటే అది గొడవ!

మా చర్చి అయ్యగారు కూడా వచ్చారు. మంచాయన, మెత్తని మనిషి. సర్దుకుపోవడం మన లక్షణం అన్నారు. "సర్దుకుంటానయ్యగారూ. వానొచ్చినప్పుడు నా గోడను కూడా కాస్త సర్దుకోమని చెప్పి పోండి" అన్నాడు తాతయ్య. అయ్యగారు నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన వెళ్ళిపోలేదు, మా అరుగు మీదే కూర్చున్నారు. నాయనమ్మ తాతయ్యకు చద్దన్నం గీత మీదికే తెచ్చి పెట్టింది.

మధ్యాహ్నానికి మునసబు గారూ, కరణం గారూ వచ్చారు. చెరిసగం చేసుకోండి, పొద్దు పోతోంది అన్నారు. తాతయ్య తల అడ్డంగా ఊపాడు. "సగం చూరేస్తే వాన సగం గోడనే తడుపుతాదా సామీ?" అన్నాడు. తర్వాత పక్కింటాయన వైపు తిరిగి చాలా నెమ్మదిగా ఒక మాట అడిగాడు.

"అల్లుడా, అవతలి వీధి పక్క నీ గొడ్ల కొట్టానికి ఆకు లేదు కదా, మొన్న గాలికి లేచిపోయింది. మరి ఆ కొట్టం చూరు కింద నేల ఇప్పుడు నీదా, వీధిదా?"

ఆ వీధి పక్క జాగా మీద అప్పటికే ఊళ్ళో నలుగురి కన్నూ ఉంది. ఆయన గభాలున అన్నాడు: "నాదే! ఆకు పోతే హద్దు పోతాదా? నీళ్ళు పడిన గుంట కనబడతానే ఉండాది, పోయి చూసుకోండి."

"కరణం గారూ, ఆ మాట రాసుకోండి" అన్నాడు తాతయ్య.

అప్పుడు లేచాడు. పార ముట్టుకోలేదు. కొబ్బరి చిప్ప ఒకటి తీసుకుని, గోడ నుంచి రెండు మూరలు కొలుచుకుని, పెళ్ళికి పరిచిన నల్లమట్టిని మెల్లగా గీకడం మొదలుపెట్టాడు. జానెడు లోతు పోయేసరికి మా ఊరి పసుపు ఇసుక బయటపడింది. ఆ ఇసుకలో, తాడు పరిచినట్టు, ఈ మూల నుంచి ఆ మూల దాకా సన్నటి గుంటల వరస. ఏళ్ళ తరబడి చూరు నీళ్ళు పడి పడి మెత్తని ఇసుకంతా కొట్టుకుపోయి, గులకరాళ్ళూ గవ్వ ముక్కలూ మాత్రం కడిగినట్టు మిగిలాయి. నల్లమట్టి దాన్ని చెరపలేదు, కప్పి భద్రంగా దాచింది. అదే పునాది తవ్వి ఉంటే ఆ సాక్ష్యం ఒక్క పూటలో మాయమయ్యేది. తాతయ్య పొద్దున్నే గీత మీద ఎందుకు కూర్చున్నాడో నాకప్పుడు అర్థమైంది.

కూలీల్లో ఎవడో కిసుక్కున నవ్వాడు. మునసబు గారు వంగి చూసి, "మీ నోటితోనే చెప్పినారు కదండీ, నీళ్ళు పడిన గుంటేనని" అన్నారు. పక్కింటాయన, "సరేలే మామా, లే ఇంక" అన్నాడు. 'మామా' తిరిగొచ్చింది. తాతయ్య మాత్రం మళ్ళీ అక్కడే కూర్చున్నాడు.

"నోటిమాట మీద చూరు కోసినా. కాయితం మీద కలుపుతా."

కరణం గారు విసుక్కున్నారు. అయినా రాశారు: చూరు కోసింది పెళ్ళి పందిరి కోసమేననీ, గుంటల వరస దాకా నేల ఆ ఇంటిదేననీ. పక్కింటాయన సంతకం పెట్టాడు, పెద్దలు పెట్టారు, తాతయ్య వేలిముద్ర వేశాడు. పునాది వరసకు అవతల పడింది. ఆయన వేయిస్తానన్న తాటాకు రానే లేదు. మేమే తెచ్చుకుని చూరు దింపుకున్నాం. ఆ కార్తీకంలో మూడు రోజుల ముసురు పట్టింది. నాలుగో రోజు నేను వెళ్ళి తూర్పు గోడకు చెయ్యి ఆనించి చూశాను. పొడిగా ఉంది.

అసలు పాఠం నాకు రెండేళ్ళ తర్వాత దొరికింది. పక్కింటాయన చిన్నమ్మాయి పెళ్ళికి మళ్ళీ వచ్చి అదే అడిగాడు. నాయనమ్మ చేట విసిరికొట్టి లోపలికి పోయింది. తాతయ్య మాత్రం సరేనన్నాడు. కరణం గారి చేత నాలుగు వాక్యాలు రాయించి, సంతకం అయ్యాక తన చేత్తోనే చూరు కోశాడు. ఈసారి ఆకు చెప్పిన రోజుకే వచ్చింది.

నేను బడికి పోయింది తక్కువ. పెద్దయ్యాక నెల్లూరు పాత పుస్తకాల అంగట్లో చట్టం పుస్తకాలు కొనుక్కుని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఇచ్చిన అనుమతి వేరు, వదులుకున్న హక్కు వేరు అని అందులో నోరు తిరగని మాటల్లో రాసి ఉంది. నాకు కొత్తగా అనిపించలేదు.

మొన్న మా పక్కింటి కుర్రవాడు నా పెరట్లోంచి నీళ్ళ పైపు వేసుకుంటానన్నాడు. వేసుకోమని ఒక కాగితం ముందు పెట్టాను. "నామీద నమ్మకం లేదా తాతా?" అని చిన్నబుచ్చుకున్నాడు. "నమ్మకం ఉండబట్టే పైపు. రేపు నీ కొడుకూ నా మనవడూ మనం అనుకున్నది వినలేదు కదా, కాయితం వాళ్ళకి" అన్నాను. మొహం ముడుచుకునే సంతకం పెట్టాడు. నాకేం బాధ లేదు. అడిగినవాడికి లేదనకుండా ఇవ్వడమూ, ఇచ్చింది ఎంతో అవతలివాడి చేతే చెప్పించుకోవడమూ, రెండూ తాతయ్య దగ్గర ఒకే రోజు నేర్చుకున్నవి కావు గానీ నాలో ఒకటిగానే ఉండిపోయాయి. అవి రెండూ ఒకచోట కుదరవనే పెద్దమనుషులు ఈ ఊళ్ళో ఇప్పటికీ చాలామంది ఉన్నారు. వాళ్ళు చెప్పేది పూర్తిగా వింటాను. విని, కాగితం వాళ్ళ ముందుకే జరుపుతాను.