కొండెక్కనీకు అన్న గొంతు

ఈ సంగతి రాసిపెట్టమని ఒకప్పుడు నాతో పనిచేసిన బషీర్ ఎన్నాళ్లుగానో అడుగుతున్నాడు. అతనిప్పుడు పెర్త్‌లో, కానింగ్ వేల్‌లో ఉంటున్నాడు. పిల్లలకు చెబితే “డాడ్, ఇట్స్ జస్ట్ లో ఆక్సిజన్” అని నవ్వుతారట. సాక్షులం మేమిద్దరమే. జ్ఞాపకం మాకు నచ్చినట్టు మారిపోకముందే రాయాలి.

నేను దయ్యాలను ఏనాడూ నమ్మలేదు. ఇంటర్ తప్పి, ప్రొద్దుటూరు గ్రంథాలయంలో కూర్చుని ఇంగ్లీషూ, కోబాల్ అనే కంప్యూటరు భాషా సొంతంగా నేర్చుకున్నవాణ్ని. పుస్తకంలో లేనిదాన్ని ఒప్పుకోవడం నాకు కష్టం.

అది 2000 రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న వైటూకే భయం నడుస్తున్న 1999. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, ఒకప్పుడు బంగారం కోసం జనం ఎగబడిన చిన్న ఊళ్లో మా ఆఫీసు. పాత బ్యాంకు భవనాన్ని అద్దెకు తీసుకున్నారు. రాతి స్తంభాలు, పూలు చెక్కిన ఎత్తయిన పైకప్పు. మొదటిరోజు గడప దగ్గర తెలియకుండానే వంగి బూట్ల తాళ్లు విప్పబోయాను.

“భాయ్, బ్యాంకు ఇది, గుడి గాదు” అన్నాడు బషీర్. అతనిది హైదరాబాద్. ఇంట్లో ఉర్దూ, తెలుగు వీధిలో నేర్చుకున్నది.

భవనం వెనక ఇనుప తలుపున్న గది ఉంది. గనివాళ్లు తెచ్చిన బంగారాన్ని కరిగించి కడ్డీలు పోసింది అందులోనే. నేను కంసాలి కొడుకును. అక్కడికి వెళ్లినప్పుడల్లా గోడ మీద చెయ్యి వేసి నిలబడేవాణ్ని. మేము మాత్రం అందులో కంప్యూటరు టేపులు దాచేవాళ్లం.

ఒక శనివారం మధ్యాహ్నం ఆఫీసులో మేమిద్దరమే ఉన్నాం. టేపులు సర్దడానికి ఇద్దరం ఆ గదిలోకి వెళ్లాం. పై అర అందక, తలుపుకు అడ్డంగా పెట్టిన కుర్చీని నేనే లోపలికి లాగాను. తలుపు మూసుకుంది. లోపల పిడి లేదు, దీపం లేదు. ఫోన్లు బల్ల మీద ఉన్నాయి. బషీర్ ఉబ్బసం మందు కూడా అక్కడే ఉంది.

అరిచాం, బాదాం. సోమవారం దాకా ఎవరూ రారు. కాసేపటికి బషీర్ ఊపిరి ఈల వేయడం మొదలైంది. “మాట్లాడకు, కూర్చో” అన్నాను. నాకు చేతనైంది అంతే.

అప్పుడు ఇంకో ఊపిరి వినిపించింది. ఊదుగొట్టంతో కుంపటి ఊదే చప్పుడు. తెంపు లేకుండా, బుగ్గల్లో గాలి నిలుపుకుంటూ ఊదడం. పుట్టినప్పటి నుంచీ విన్నది, పొరబడను. దాని వెంటే ముసలి గొంతు, తొందర లేకుండా: “కొండెక్కనీకు నాయనా, కొండెక్కనీకు.”

మా నాన్న గొంతు కాదు. మాట మాత్రం మా ఇంటిదే. దీపం గానీ కుంపటి గానీ ఆరింది అనకూడదు, కొండెక్కింది అనాలి. కొండెక్కనీకు అంటే ఆరనివ్వకు అని. నాకు బషీర్ ప్రాణం గురించి చెప్పినట్టనిపించింది. అతని వీపు నిమురుతూ ఉండిపోయాను.

బషీర్ నా చొక్కా పట్టుకున్నాడు. “ఎవరో... కొండ ఎక్కుమంటున్నరు గదా భాయ్. ఎక్కు.”

“అలా కాదు, దానర్థం...”

“అర్థం తర్వాత. ఎక్కు.”

కుర్చీ మీది నుంచి అరల మీదికి ఎక్కాను. చీకట్లో తలకు ఇనుప రేకు తగిలింది. భుజంతో నెట్టాను. మసి రాలింది, వెనకే చల్లగాలి, రూపాయంత ఆకాశం. పాత పొగగొట్టం అది. అందులోంచి అరిచిన అరుపు పక్కనే పూల దుకాణం నడిపే జోన్ ఆంటీకి వినిపించింది. భవనం తాళంచెవి ఒకటి ఆమె దగ్గర ఉండేది.

ఆ మాట నేను అనలేదు. బషీర్‌కు దాని అర్థమే తెలియదు. అయినా ఇద్దరం విన్నాం.

తర్వాత ఆ ఊరి గనుల గురించి లైబ్రరీలో దొరికిన పుస్తకాలన్నీ చదివాను. పనిచేసినవాళ్లలో చైనా వాళ్లు ఉన్నారు, ఇంగ్లండు నుంచి వచ్చిన కార్న్‌వాల్ వాళ్లు ఉన్నారు. తెలుగు పేరు ఒక్కటీ లేదు. ఆ కొలిమి దగ్గర మన మాట ఎవరు మాట్లాడారో, ఎందుకు మాట్లాడారో ఈనాటికీ చెప్పలేను.

తలుపు తీసిన జోన్ ఆంటీకి, భవనం పాత ప్లాన్లు వెతికిచ్చిన లైబ్రేరియన్ హెదర్‌కు, ఇది విని నవ్వని నా భార్య సుగుణకు, తప్పు అర్థంతో మమ్మల్ని బతికించిన బషీర్‌కు కృతజ్ఞతలు. ఇంకొకరికి కూడా చెప్పుకోవాలి. ఆయన పేరు కోసం ఇంకా వెతుకుతున్నాను.