యూరోపా మింగిన బొరుగులు

ఉలిగప్ప సార్ ఎదుట బొరుగుల పొట్లం విప్పకూడదు. విప్పితే అది ఇక మనది కాదు, గురుగ్రహపు చంద్రులది.

హిందూపురం కాలేజీలో మాకు ఫిజిక్స్ చెప్పేవారాయన. కంటికి కనిపించని పరారుణ కాంతితో దూరపు చంద్రుల నేల మీద ఏముందో కనిపెడతారన్న సంగతి ఆయన్ని పట్టుకుని వదల్లేదు. బల్ల మీద బొరుగులు వరసగా పేర్చేవారు. అదంతా సూర్యకాంతి. మధ్యలో అక్కడక్కడా తీసి నోట్లో వేసుకునేవారు.

"ఈ కిరణాల్ని మంచు మింగేసింది. తక్కినవి వెనక్కొచ్చినాయి. యాడ ఖాళీ ఉండాదో చూస్తే, ఆడ ఏముండాదో తెలుస్తాది."

మంచుకు కొన్ని ఖాళీలు, గంధకానికి ఇంకొన్ని, ఆకలికి మరికొన్ని. ఓసారి పెనుకొండలో బస్సెక్కి, పక్క సీట్లో కూర్చున్న మునెమ్మ అనే ఆమె ఒడిలోని బొరుగులు, మిరపకాయల పొట్లంతో పాఠం మొదలుపెట్టారట. ధర్మవరం వచ్చేసరికి ఆమెకు ఉత్త కాగితం మిగిలింది. "మిరక్కాయ గూడా మింగె నీ చంద్రుడు" అని ఆమె నిష్ఠూరమాడిందట.

1999లో మా పాపకు ఎనిమిది నెలలప్పుడు న్యుమోనియా చేసింది. ధర్మవరంలో ఒక నర్సింగ్ హోంలో చేర్చాం. నా భార్య అశ్విని లోపల, నేను బయట బెంచీ మీద. సైన్సు చదివిన పాపానికి ఊపిరితిత్తుల బొమ్మ, భాగాల పేర్లతో సహా, కళ్లముందు ఆడుతోంది. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా గొంతు దిగలేదు.

కబురు ఎలా తెలిసిందో, హిందూపురం నుంచి ఉలిగప్ప సార్ పొట్లంతో దిగారు. పాప ఎలా ఉందని కూడా అడగలేదు. కాగితం పరిచి బొరుగులు పేర్చడం మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండింది.

"ఇది యూరోపా. మంచు చంద్రుడు. ఈసారి సూర్యుణ్ణి నేను, చంద్రుడివి నువ్వు."

"ఇప్పుడొద్దు సార్."

"చంద్రుడు మాట్లాడడప్పా. మింగుతాడు, అంతే."

ఆయన వేలు పెట్టిన చోటల్లా మింగాను. మంచు అయిపోయాక, ఆ మంచులో ఇంకేదో కలిసిందన్న గొడవకొచ్చారు. ఉప్పని కొందరు, ఆమ్లమని కొందరు వాదించుకుంటున్నారట. రెండు పక్షాలకూ చెరో గుప్పెడు నా చేతనే తినిపించారు. వరస మొత్తం ఖాళీ అయింది. ఆయన నోరు మాటకు తప్ప ఒక్కసారీ ఆడలేదని అప్పుడు గమనించాను.

సాయంత్రం డాక్టరు బయటికొచ్చి, ఆయాసం తగ్గింది, పాప పాలు తాగుతోంది అన్నారు. నేను కళ్లు తుడుచుకుంటూంటే సార్ గోడ మీది క్యాలెండర్ శ్రద్ధగా చదివారు.

"ఇంతకీ అది ఉప్పా, ఆమ్లమా సార్?"

"ఇంకా తేలలేదప్పా. పోయి ఇంకో పొట్లం ఎత్తుకోని రా. ఈసారి చంద్రుణ్ణి నేను. పొద్దున మొదటి బస్సు ఎక్కినప్పట్నుంచి నేనూ ఏం తినలే."