యల్లమంద కూత

ఉపేంద్ర పేరెత్తితే చాలు, యల్లమందకి ఒళ్లు మండిపోద్ది. మండదా మరి! మీసాలు రాకముందే బరిలో దిగినోడు, ఊపిరికి ఆ చుట్టుపక్కల పెట్టింది పేరు. ఇరవై ఏళ్ల కిందట నకరికల్లు కబడ్డీ కప్పు ఫైనల్లో చివరి కూతకెళ్లింది తనే. అవతలి జట్టు ఉపేంద్ర మోకాలు పట్టి మెలేశాడు. ఎముక కటుక్కుమన్నా ఊపిరి తెగకుండా కబడ్డీ కబడ్డీ అంటూనే దేక్కుంటూ వచ్చి గీత ముట్టాడు. తన శివాజీ జట్టు గెలిచినట్టే. "కూత ఆగింది!" అని అరిచాడు ఉపేంద్ర. రెండు జట్లూ తన్నుకున్నాయి, తలలు పగిలాయి, కమిటీవాళ్లు ఆ ఏడు ఫైనల్ రద్దన్నారు.

ఆ కాలు మళ్లీ సరిగా మడత పడలేదు. మిరపకాయల కొట్లో కూర్చుని టిక్కీ బస్తాలు కుట్టి బతికాడు, ఆ ఘాటంతా రొమ్ములో చేరింది. ఉపేంద్రకేం, దొరబాబు! కమిటీ ప్రెసిడెంటయ్యాడు. ఏటా ఫైనల్‌కి ముందు మైకు పట్టుకుని ఏ ఏడు ఎవరు గెలిచారో చెబుతాడు. ఆ ఏడు దగ్గరికి రాగానే గొంతు సాగదీసి "ర...ద్దు" అంటాడు. కింద యల్లమంద పళ్లు పటపట కొరుకుతాడు. భార్య హనుమాయమ్మ చెయ్యి పట్టుకుని ఆపుద్ది.

ఈ ఏడు ఆపలేకపోయింది.

"ఒరేయ్ ఉపేంద్రా! రద్దేందిరా నీ మొహం! గెలిచింది శివాజీ. నా కూత ఆగలా!"

ఉపేంద్ర నవ్వాడు. "సరే బావా, ఇట్టా రా. గెలిచిన జట్ల పేర్లన్నీ మొదటినుంచి ఒక్క కూతలో చెప్పు. ఊపిరి తియ్యకుండా నీ ఏడు దాటావా, శివాజీ పేరు నేనే కలుపుతా."

వద్దంది హనుమాయమ్మ. వింటాడా! కూత మీద పందెమంటే కూతగాడు ఎక్కడన్నా వెనక్కి తగ్గాడా? కుంటుకుంటూ వేదికెక్కి మైకు లాక్కున్నాడు. గుండెల నిండా గాలి పీల్చి, కబడ్డీ కబడ్డీ అని ఎత్తుకుని, అదే ఊపులో పేర్లు అందుకున్నాడు. నవభారత్, వీరాంజనేయ, మళ్లీ వీరాంజనేయ... మొహం కందిపోయింది, మెడనరాలు పొంగాయి. జనం ఈలలేశారు. తన ఏడు వచ్చింది. "శివా" అన్నాడో లేదో దగ్గు తన్నుకొచ్చింది. పాడు దగ్గు! వంగిపోయి దగ్గుతూనే ఉన్నాడు.

ఉపేంద్ర మైకు తీసుకుని, "విన్నారుగా, ఆ రోజూ ఇంతే" అన్నాడు. జనం గొల్లుమని నవ్వారు.

దారి పొడుగునా యల్లమంద తిడుతూనే ఉన్నాడు. ఉపేంద్రని, వాడి ఏడు తరాలని, నవ్విన ప్రతివాణ్ణి. హనుమాయమ్మ అతని రెక్క పట్టుకుని నడిపించింది. ఇంటి మలుపు దగ్గర ఆగి, "ఏమయ్యా, నిజం చెప్పు. ఆ రోజు కూత ఆగిందా?" అంది.

తిట్టు నోట్లోనే ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఇవాళ్టిదాకా ఆ మాట అడగనిది ఆమె ఒక్కతే.